సరుకు బండికి ఒక చోటు, ఒక వేళ: తిరుపతి నగర అధికారులకు బహిరంగ లేఖ

తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అధికారులకు, ట్రాఫిక్ పోలీసు అధికారులకు, అన్ని డివిజన్ల కార్పొరేటర్లకు,

నమస్కారం.

నేను ఈ ఊళ్లో ఒక లారీ పార్సిల్ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. చెన్నై, బెంగళూరు, విజయవాడల నుంచి వచ్చిన మూటలకు రసీదులు రాయడం, ఏ మూట ఏ వీధికి పోవాలో చూసి చిన్న బండ్లకు ఎక్కించడం నా పని. ఊళ్లోకి ఏం వస్తుందో, ఏ వేళకు వస్తుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో చూస్తూ బతికినవాణ్ణి. అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. తిరుపతిలో మనుషుల రాకపోకల గురించి ఎంత ఆలోచిస్తున్నారో, సరుకు రాకపోకల గురించి కూడా అంతే శ్రద్ధగా ఆలోచించండి. సరుకు దించడానికి ఒక చోటు చూపించండి, ఒక వేళ ఇవ్వండి. లారీని ఊరి బయట ఆపినంత మాత్రాన సరుకు ఆగదు. అది ఇంకో బండెక్కి, ఇంకో సందులోంచి వస్తుంది.

2011 జనాభా లెక్కల్లో మన నగర జనాభా మూడు లక్షలకు కొంచెం తక్కువ. ఇప్పుడు చాలా పెరిగింది. దానికి తోడు రోజూ కొండకు వెళ్లొచ్చే యాత్రికులు 60, 70 వేల మంది, శని ఆదివారాల్లో ఇంకా ఎక్కువ. వీళ్లందరికీ తెల్లారేసరికి ఇడ్లీ కావాలి, కాఫీ కావాలి, పూలు కావాలి, తాగే నీళ్లు కావాలి, లాడ్జీలో ఉతికిన దుప్పటి కావాలి. మదనపల్లె టమాటా, చిత్తూరు బెల్లం, నెల్లూరు బియ్యం, డెయిరీల పాలు, అరటాకుల కట్టలు, గ్యాస్ సిలిండర్లు, 20 లీటర్ల నీళ్ల టిన్నులు, మందుల పెట్టెలు, సిమెంటు మూటలు అన్నీ రోడ్డు మీదే రావాలి. వచ్చేదేమో గోవిందరాజస్వామి గుడి చుట్టూ పెరిగిన ఇరుకు వీధుల్లోకి. ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. మధ్యలో రైలు పట్టాలు ఊరిని తూర్పు నుంచి పడమర దాకా రెండుగా చీలుస్తాయి. ఇటు నుంచి అటు వెళ్లాలంటే అండర్ బ్రిడ్జిలు, గేట్లే గతి. అక్కడ ఒక్క బండి ఆగిందంటే వెనక వీధులన్నీ ఆగిపోతాయి.

2016లో తిరుపతి స్మార్ట్ సిటీల జాబితాలో చేరినప్పుడు నాలాంటివాళ్లం చాలా సంతోషించాం. గరుడ వారధిగా మొదలై, 2023లో శ్రీనివాస సేతు పేరుతో ప్రారంభమైన పైవంతెన వల్ల కొండకు వచ్చే యాత్రికుడికి మేలు జరిగింది, కాదనను. అయితే ఊరు దాటి పోయే బండికే పైవంతెన పనికొస్తుంది. సరుకు బండి చేరాల్సిన కొట్టు ఆ వంతెన కిందే, బజారులోనే ఉంది. దాని కష్టమంతా చివరి అర కిలోమీటరులో. ఇంకెన్ని వంతెనలు కట్టినా ఆ అర కిలోమీటరు అలాగే ఉంటుంది.

ఆ అర కిలోమీటరులో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. దూరపు లారీలు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజాము లోపల ఊరికి చేరతాయి. లారీ ఆఫీసులో మూటలు దింపి, వీధుల వారీగా వేరు చేసి, చిన్న వ్యాన్లకు, లగేజీ ఆటోలకు ఎక్కించేసరికి ఏడవుతుంది. అప్పటికి రోడ్లు ఇంకా కాస్త ఖాళీగానే ఉంటాయి. కానీ సరుకు దింపుకోవాల్సిన కొట్టు తొమ్మిదికి గానీ తెరవరు. మూట లెక్క చూసుకుని సంతకం పెట్టే మనిషి లేకుండా ఏ డ్రైవరూ సరుకు దించడు, దించకూడదు కూడా. అందుకని బండి ఎక్కడో ఒక మూల నిలబడి, సరిగ్గా స్కూలు బస్సులు, ఆఫీసులకు పోయే జనం, బస్టాండు నుంచి వచ్చే యాత్రికులు అందరూ రోడ్డు మీదకు వచ్చే వేళకే బజారులోకి వస్తుంది. కొట్టు ముందు మోటారు సైకిళ్లు నిండా ఉంటాయి. వ్యాన్ రోడ్డు మధ్యలో ఆగుతుంది. హమాలీ 50 కేజీల మూట వీపు మీద వేసుకుని రెండు బండ్ల మధ్య సందులోంచి అడ్డంగా నడుస్తాడు. వెనక హారన్లు. డ్రైవరుకు చలానా. ఆ చలానా డబ్బు బాడుగలో కలుస్తుంది, బాడుగ సరుకు ధరలో కలుస్తుంది, చివరికి కట్టేది కొనుక్కునేవాడే. అంతసేపూ ఇంజన్ ఆపకుండా నిలబడ్డ డీజిల్ బండి పొగ పీల్చేది పూలమ్మే ఆడవాళ్లు, కొట్లలో పనిచేసే పిల్లలు, ఆ హమాలీ.

కొట్టు యజమానిదీ డ్రైవరుదీ తప్పని నేను అనుకోను, రోడ్డు మీద నిలబడ్డ కానిస్టేబుల్‌దీ అనుకోను. ఉన్నదాంట్లో ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. వీళ్లందరికీ కుదిరే వేళ ఒకటి, చోటు ఒకటి ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. బజారు వీధుల్లో బండి ఆపి లోడు దించుకోమని గీత గీసిన జాగా ఒక్కటి కూడా నా కంట పడలేదు.

ట్రాఫిక్ పెరిగినప్పుడల్లా మొదట వినిపించే మాట, పగలు లారీలను ఊళ్లోకి రానివ్వొద్దని. ఈ మాట వెనక ఉన్న లెక్క చూడండి. లారీలో పది టన్నుల సరుకు ఉందనుకుందాం. టాటా ఏస్ లాంటి చిన్న బండి ముప్పావు టన్ను మోస్తుంది. అదే సరుకు రావడానికి 13, 14 ట్రిప్పులు కావాలి. తిరిగి ఖాళీగా పోవడం కూడా కలిపితే అదే రోడ్డు మీద 26, 28 సార్లు బండి తిరిగినట్టు. లారీని ఆపి మనం తగ్గించిందేమిటి? పైగా ఆ చిన్న బండ్లయినా నిండుగా వస్తాయా అంటే రావు. బిస్కెట్ల ఏజెన్సీది ఒక బండి, సబ్బులది ఒకటి, కూల్‌డ్రింకులది ఒకటి, మందులది ఇంకొకటి. అన్నీ సగం సగం నిండి అదే వీధికి, అదే నాలుగు కొట్లకు వస్తాయి. చిన్న బండి వద్దని నేననను, మన సందుల్లో తిరగగలిగేది అదే. అది నిండుగా రావాలి, పది కొట్ల సరుకు కలిపి తేవాలి, అదీ నా మాట. అలా జరగాలంటే ఊరి అంచున సరుకు కలిపి సర్దుకునే యార్డు ఉండాలి.

యార్డు అనగానే ఊరికి దూరంగా ఒక పెద్ద స్థలం చూసి, శంకుస్థాపన చేసి, అందరినీ అక్కడికి పొమ్మనడం తేలిక. దయచేసి అలా చేయకండి. మన ఊరు పొడవాటి ఊరు. బెంగళూరు, చిత్తూరు, మదనపల్లెల సరుకు చంద్రగిరి వైపు నుంచి వస్తుంది. చెన్నై, నెల్లూరు, కడపల సరుకు రేణిగుంట వైపు నుంచి వస్తుంది. యార్డు ఒక్క వైపే కడితే రెండో వైపు నుంచి వచ్చిన లారీలన్నీ దాన్ని చేరడానికి మళ్లీ ఊరి పొడుగునా తిరగాలి. అందుకని చిన్నవైనా సరే, రెండు కావాలి. పడమర ఒకటి, తూర్పున ఒకటి. రేణిగుంటలో రైల్వే జంక్షన్ ఉంది, విమానాశ్రయం ఉంది. తూర్పు యార్డు ఆ దారిలో ఉంటే రేపు రైలు మీద వచ్చే సరుకును కూడా అందుకోవచ్చు.

మార్కెట్లు తరలించిన ఊళ్ల అనుభవం మన పక్కనే ఉంది. మద్రాసు జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావడిలో ఉన్న కూరగాయల హోల్‌సేల్ వ్యాపారాన్ని 1996లో కోయంబేడుకు మార్చారు. జార్జిటౌన్ ఊపిరి పీల్చుకుంది. కానీ అప్పట్లో ఊరి చివర అనుకున్న కోయంబేడు చుట్టూ కొన్నేళ్లకే ఊరు పెరిగి, అక్కడి రోడ్లూ కిక్కిరిశాయి. మొన్నమొన్న హైదరాబాదులో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించినప్పుడు, అక్కడ సరైన సౌకర్యాలు లేవని వ్యాపారులు హైకోర్టు దాకా వెళ్లారు. అందుకే మన యార్డులకు దారులు, చుట్టూ ఖాళీ జాగా ముందే గట్టి చేసుకోవాలి. గోదాము, కాటా, కరెంటు, మంచినీళ్లు, మరుగుదొడ్లు, డ్రైవరు ఓ గంట నడుము వాల్చే గది, ఇవన్నీ సిద్ధమయ్యాకే ఎవరినైనా కదలమని అడగాలి.

ఇంకో విన్నపం, ఇది గట్టిగా చేస్తున్నాను. ఆ యార్డుల కోసం చెరువు పూడ్చకండి, వంకను మూసేయకండి. 2021 నవంబరు వానలు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. లక్ష్మీపురం సర్కిల్, ఆటోనగర్ నీళ్లలో మునిగాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో కింద ఊళ్లను ఖాళీ చేయించారు. కొండ మీద పడ్డ వాన స్వర్ణముఖి చేరడానికి దారి కావాలి. ఆ దారిలో పదెకరాలు కాంక్రీటు పోసి లారీలు నిలబెడితే, ట్రాఫిక్ కష్టం తీర్చబోయి వరద కష్టం తెచ్చుకున్నట్టే. ప్రభుత్వ భూమి చవకగా దొరుకుతోందంటే అది చెరువు శిఖమేమో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలేమో, పాత రికార్డులు తీయించి చూడండి.

యార్డులకు సమయం పడుతుంది, డబ్బూ పడుతుంది. అంతదాకా ఆగనవసరం లేని పని ఒకటుంది. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, బజారు వీధులు, కూరగాయల మార్కెట్ దగ్గర ప్రతి వంద, నూట యాభై అడుగులకు ఒక బండి పట్టే జాగాను పసుపు గీతలతో గీయించండి. అందులో సరుకు బండి తప్ప ఇంకేదీ ఆగకూడదు. సరుకు బండి కూడా ఇరవై నిమిషాలకు మించి ఉండకూడదు. మోటారు వాహనాల చట్టంలో 115వ సెక్షన్ ఏ రోడ్డు మీద ఏ బండ్లను ఎప్పుడు ఆపవచ్చో చెబుతుంది. 117వ సెక్షన్ బండ్లు నిలిపే చోట్లను నిర్ణయించే అధికారం ఇస్తుంది. మొదటి సెక్షన్ వాడకం అందరికీ తెలుసు. రెండోదాన్ని సరుకు బండి కోసం వాడమని అడుగుతున్నాను. ఆగడానికి చోటు చూపించాక కూడా రోడ్డు మధ్యలో ఆపినవాడికి చలానా రాస్తే దాన్ని న్యాయమని అందరూ ఒప్పుకుంటారు.

ఈ గీతలు గీసేటప్పుడు తోపుడు బండ్లవాళ్లను, పూల బుట్టలు పెట్టుకున్న ఆడవాళ్లను లేపేయకూడదు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు హక్కులిచ్చింది, వాళ్ల మాట వినడానికి కమిటీలు పెట్టమంది. జాగా తీసుకోవాల్సింది రోజంతా కదలకుండా నిలబడే మోటారు సైకిళ్ల నుంచి, కార్ల నుంచి. వాటిలో చాలామటుకు కొట్ల యజమానులవి, పనివాళ్లవే. కొట్టు ముందు తన బండి తీసేస్తే తన సరుకు బండే అక్కడ ఆగుతుందని చెబితే ఏ వ్యాపారి అయినా ఆలోచిస్తాడు.

ఇక వేళ గురించి. రాత్రిపూట సరుకు దించుకోవాలంటే రాత్రి ఎవరో మేలుకుని ఉండాలి. చాలా ఊళ్లలో ఈ ఆలోచన అక్కడే ఆగిపోతుంది. తిరుపతికి ఆ ఇబ్బంది సగమే. మన ఊరు రాత్రి నిద్రపోదు. లాడ్జీల రిసెప్షన్‌లో తెల్లవార్లూ మనిషి ఉంటాడు. హోటళ్ల వంటగదిలో మూడింటికే పొయ్యి వెలుగుతుంది. స్విమ్స్, రుయా లాంటి పెద్దాసుపత్రులు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటాయి. కాబట్టి ముందు వీళ్లతో మొదలుపెట్టండి. నీళ్ల టిన్నులు, కూరగాయలు, గ్యాస్, ఉతకాల్సిన దుప్పట్ల మూటలు, మందుల పెట్టెలు రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు లోపల వచ్చి పోయేలా లాడ్జీల, హోటళ్ల సంఘాలతో మాట్లాడండి. రాత్రి దించుకునే సంస్థకు ట్రేడ్ లైసెన్సు ఫీజులో కొంత రాయితీ ఇచ్చినా నగరానికి పెద్ద నష్టం రాదు. చిల్లర కొట్ల సంగతి తర్వాత చూడొచ్చు. వీధికి ఒక చిన్న తాళం గది ఉండి, సంఘం తరఫున ఒక మనిషి రాత్రి సరుకు లెక్క చూసి అందులో పెట్టించుకుంటే, పొద్దున కొట్టు తెరిచాక తోపుడు బండి మీద తీసుకుపోవచ్చు.

రాత్రి పని అంటే హమాలీల గురించి కూడా ఆలోచించాలి. ఈ మాట ఎవరూ ఎత్తరని నేనే ఎత్తుతున్నాను. వాళ్లకు రాత్రి కూలి ఎక్కువ ఉండాలి. దించే చోట వెలుతురు ఉండాలి. మూట వీపు మీద కాకుండా చక్రాల మీద పోయేలా చేతి ట్రాలీలు ఇవ్వాలి, వాటికి అడ్డం రాకుండా మురుగు కాలువల మీద పలకలు సరిచేయాలి. నడివయసులోనే నడుములు పోగొట్టుకున్న హమాలీలను దగ్గర నుంచి చూశాను. ఊరి ట్రాఫిక్ బాగుచేస్తూ వాళ్ల నిద్ర కూడా తీసుకుని, బదులుగా ఏమీ ఇవ్వకపోతే అది అభివృద్ధి అని నేను ఒప్పుకోలేను. అలాగే నివాసాలున్న వీధుల్లో రాత్రి హారన్ మోగకూడదు, ఇనుప తలుపులు ధడేల్మని వేయకూడదు. ముసలివాళ్లు, పసిపిల్లలు నిద్రపోయే వేళ అది.

శబ్దం, పొగ రెండూ తగ్గాలంటే కరెంటు బండ్లే దారి. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. అంత ఎత్తు ఎక్కే బస్సు బ్యాటరీ మీద నడుస్తుంటే, చదునుగా ఉన్న ఊళ్లో ఐదారు కిలోమీటర్లు తిరిగే లగేజీ ఆటో నడవదా? 2021లో ఢిల్లీ ప్రభుత్వం కరెంటుతో నడిచే చిన్న సరుకు బండ్లకు సుమారు 250 రోడ్ల మీద నో ఎంట్రీ వేళల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఖజానా నుంచి పెద్దగా ఖర్చు లేని పని అది. డీజిల్ బండి ఆగిపోయిన వేళలో కరెంటు బండి తిరగొచ్చంటే, రోజుకు రెండు ట్రిప్పులు ఎక్కువ దొరుకుతాయని డ్రైవరే లెక్క వేసుకుంటాడు. ఇక్కడా అదే చేయొచ్చు. కాకపోతే మన డ్రైవర్లలో చాలామంది అప్పు చేసి కొన్న సొంత బండి నడుపుకునేవాళ్లే. వాళ్లకు పాత బండి వాయిదాలు తీరకముందే కొత్తది కొనమని గడువు పెట్టకండి. బ్యాంకు అప్పు దొరికేలా, యార్డులో రాత్రి ఛార్జింగ్ పెట్టుకునేలా చూడండి, వాళ్లే మారతారు.

ఊళ్లోకి వచ్చిన సరుకులో కొంత మళ్లీ బయటికి పోవాల్సిందే. అట్టపెట్టెలు, ఖాళీ టిన్నులు, వాడిన పూలు, అరటాకులు. సరుకు బండి దించేసి ఖాళీగా పోతుంది, దాని వెనకే చెత్త బండి వచ్చి అట్టపెట్టెలు ఎక్కించుకుంటుంది. పొడిగా శుభ్రంగా ఉన్న అట్టలను తిరుగు బండిలోనే యార్డుకు పంపితే పాత సామాన్లవాళ్లు అక్కడే కొనుక్కుంటారు. తడి చెత్త మాత్రం ఇప్పటిలా తూకివాకం చెత్త ప్లాంటు దారి పడుతుంది.

ఆన్‌లైన్ పార్సిళ్ల గురించి ఒక్క మాట. నివాసాల మధ్య ఇల్లు అద్దెకు తీసుకుని గోదాముగా మార్చేసి, పొద్దున్నే వీధి నిండా వ్యాన్లు నిలిపే పద్ధతికి అనుమతి ఇచ్చే ముందు ఆ వీధి వెడల్పు చూడండి.

వీటన్నిటికీ ముందు లెక్క కావాలి. ఊళ్లోకి రోజుకు ఎన్ని సరుకు బండ్లు వస్తున్నాయి, ఎంత నిండుగా వస్తున్నాయి, ఎక్కడ ఎంతసేపు ఆగుతున్నాయి? ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఊళ్లోనే ఎస్వీ యూనివర్సిటీ ఉంది. విద్యార్థులను కూడళ్లలో నిలబెట్టి ఒక మామూలు రోజు, ఒక శనివారం, బ్రహ్మోత్సవాల్లో ఒక రోజు లెక్క రాయించండి. డ్రైవర్లను అడిగి రాసుకోమనండి, కెమెరా చూపనిది వాళ్లు చెబుతారు. ఆ లెక్కను అందరికీ కనిపించేలా ప్రకటించండి. తర్వాత ఒక్క వీధి ఎంచుకుని మూడు నెలలు పసుపు గీతలు, రాత్రి వేళలు పెట్టి చూడండి. బాగుంటే పక్క వీధికి, బాగాలేకపోతే సరిదిద్దుకుని మళ్లీ. గరుడ సేవ రోజు ఘాట్ రోడ్ల మీద టూవీలర్లను పూర్తిగా ఆపి, లక్షల మందిని క్షేమంగా నడిపించే యంత్రాంగం మనది. ఒక వీధిలో ఇరవై నిమిషాల నియమం అమలు చేయడం దానికి అసాధ్యం కాదు.

ఈ లేఖకు జవాబుగా నేను కోరేది ఒక సమావేశం. అందులో ఇంజనీర్లతో పాటు కిరాణా వర్తకులు, లాడ్జీల యజమానులు, లారీ ఆఫీసులవాళ్లు, లగేజీ ఆటో డ్రైవర్లు, హమాలీ మేస్త్రీలు, వీధి వ్యాపారులు కూర్చోవాలి. ఏ వీధికి ఏ వేళకు ఏ సరుకు పోతుందో నాకు తెలిసినంత వరకు కాగితం మీద రాసి పట్టుకొస్తాను, నాతో పనిచేసిన పాత గుమాస్తాలను కూడా వెంటబెట్టుకొస్తాను. సమావేశం మాత్రం పొద్దున పూట పెట్టకండి, అప్పుడు డ్రైవర్లు, హమాలీలు లోడు మీద ఉంటారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో పెడితే వాళ్లూ రాగలుగుతారు.

ఇట్లు,
లారీ ఆఫీసు పాత గుమాస్తా,
తిరుపతి